దార్దో మచీన్ పై దవడ

తక్వారెంబో ఊరి బయట పశువుల సంతలో దార్దో మచీన్ ఇరవై ఆరేళ్ళుగా వేలం నడిపిస్తున్నాడు. అక్కడ అక్టోబరులో వచ్చే వసంతంలో, ఏడాది మొత్తానికీ పెద్దదైన ఆంబోతుల వేలం రోజున, "మూడోసారి!" అని గొంతెత్తి అరిచేసరికి అతని పై కట్టుడు పళ్ళు నోట్లోంచి ఎగిరి, మంచె దాటి, కింద పరిచిన రంపపు పొట్టులో పడ్డాయి.

అమ్ముడుపోయిన ఆంబోతు వాటిని వాసన చూసి తుమ్మింది. మూడు వందల మంది మెడలు సాచి చూశారు. వెనక వరసలోంచి ఎవరో అడిగారు:

"ఆ పళ్ళకి పాట ఎంత నుంచి మొదలెడుతున్నావ్, దార్దో?"

సంతంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు దార్దోయే. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మిగిలిన పదకొండు ఆంబోతుల్నీ అమ్మాడు. అమ్మాడు గానీ, వాళ్ళ భాషలో ఒకలాగే పలికే అరవై ఏదో డెబ్బై ఏదో, ముందు పళ్ళు లేని నోట ఎవరికీ తెలియలేదు. వేలం అయ్యాక ముగ్గురు కొనుగోలుదారులు ఆఫీసు గుమ్మంలో నిలబడి, తాము పాడిన ధర అది కాదని పోట్లాడారు.

ఆ సాయంత్రం సంత యజమాని విల్మార్, అందరూ గౌరవంగా దోన్ విల్మార్ అనే ఆయన, అతన్ని పక్కకి పిలిచాడు.

"నీ మీద నాకు కోపం లేదు దార్దో. నేనూ నవ్వాను. కానీ ఆ ముగ్గురూ నవ్వడం లేదు చూడు. వచ్చే ఏడు ఆంబోతుల వేలం నాటికి ఊడని పళ్ళతో రా. మంచె నీది. రాలేకపోయావో, నా మేనకోడలికి ఇచ్చేస్తాను. అప్పటిదాకా మంచె మీద అదే ఉంటుంది."

"నేనేం చెయ్యను అప్పటిదాకా?"

"గేటు దగ్గర నిలబడు. పశువుల్ని లోపలికి వదులు."

మనిషి జీవితంలో ఒక గేటు ఎన్నిసార్లు అడ్డం రావాలి? దార్దోకి పళ్ళు పోయింది గేటు వల్లనే. ఇరవై నాలుగేళ్ళప్పుడు, బెదిరిన ఆవు ఒకటి ఇరుకు దారిలో వెనక్కి తన్నితే, గేటు చెక్క వచ్చి మూతి మీద తగిలింది. పైన ముందరి నాలుగు పళ్ళూ పోయాయి. అప్పటికింకా అతను పశువుల్ని తోలే కుర్రాడే. గుర్రం మీద ఒంటరిగా పోతూ, ముందు నడిచే ఆవులకి కంచె గుంజల్ని వేలం వేసి గొంతు సానబెట్టుకునేవాడు. ఆ వేలం విని నవ్విన పిల్ల నీబియాని పెళ్ళి చేసుకున్నాడు. కట్టుడు పళ్ళతోనే తనకి ఉంగరం తొడిగాడని ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

ఏటికేడు ఆ పళ్ళు వదులవుతూ వచ్చాయి. అతను అంటించుకునే జిగురు పెంచుకుంటూ పోయాడు.

"పళ్ళు వదులవలేదు దోన్ దార్దో. మీ దవడే తరిగిపోయింది," అంది డాక్టర్ హిమేనా బుర్గేన్యో, తెర మీద అతని ఎముక బొమ్మ చూపిస్తూ. ఆవిడకి ముప్పై రెండేళ్ళుంటాయి. ఇంట్లో ఏడు నెలల పాప. కళ్ళ కింద ఆ ఏడు నెలల నిద్ర బాకీ కనిపిస్తోంది.

"ఎముక తరగడమేంటి డాక్టరమ్మా? అదేమన్నా సబ్బా?"

"ఎముక రాయి కాదండీ, ప్రాణమున్న వస్తువు. రోజూ కొంత కరుగుతుంది, కొంత కడుతుంది. పని ఉన్నచోట ఎక్కువ కడుతుంది. పన్ను నమిలినప్పుడల్లా వేరు కింద ఎముక మీద బరువు పడుతుంది కదా, అదే దానికి పని. మీకు పళ్ళు పోయి ముప్పై అయిదేళ్ళు. పనిలేని చోట మేత దండగని ఒళ్ళు ఎముకని వెనక్కి తీసేసుకుంది. ఇదిగో, ఇక్కడ అట్టముక్కంత పల్చగా ఉంది."

"మరి ఇంక పళ్ళు బిగించలేరా?"

"టైటానియం మేకు దింపి, దాని మీద పన్ను బిగిస్తాం. కానీ మేకు నిలబడ్డానికి చుట్టూ ఎముక ఉండాలి."

"గుంజ పాతాలంటే నేలుండాలి," అన్నాడు దార్దో.

"అంతే. ముందు నేల తయారు చెయ్యాలి. చిగురు విప్పి, ఎముక గింజలు పోసి, పైన పల్చటి పొర కప్పి కుట్టేస్తాను. ఆ గింజల సందుల్లోంచి మీ సొంత ఎముక అల్లుకుంటూ వస్తుంది. పందిరికి తీగ పాకినట్టు. ఆరు నెలలు పడుతుంది."

"ఎవరి ఎముక గింజలు?"

"ఆవువి. బాగా శుద్ధి చేసి, ఖనిజం ఒక్కటే మిగిల్చినవి."

దార్దో కుర్చీలో లేచి కూర్చున్నాడు. "హియర్‌ఫర్డా, ఆంగసా?"

"డబ్బా మీద జాతి రాయలేదండీ."

"రాయకపోతే మా సంతలో గేటు కూడా దాటనివ్వం," అన్నాడతను. అయినా ఒప్పుకున్నాడు.

ఇంటికెళ్ళి చెబితే, బడిపిల్లల గౌన్లు కుడుతున్న నీబియా మిషను ఆపి కడుపు పట్టుకుని నవ్వింది. "జీవితమంతా నువ్వు ఆవుల్ని అమ్మావు. ఇప్పుడొక ఆవు నీలో కాపురం పెడుతోంది. ముసలోడా, రేపు నువ్వు గడ్డి మేస్తానంటే నేను వండను చెబుతున్నా."

నవంబరులో ఆపరేషను గంటన్నరలో అయిపోయింది. దార్దోకి నొప్పి తెలియలేదు. లేచి కూర్చున్నాక డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. మెత్తటి తిండి. పై మూతి మీద వేలు కూడా వెయ్యకూడదు. కట్టుడు పళ్ళు పెట్టకూడదు. పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు. దేన్నీ పీల్చకూడదు.

"పీల్చినా ఉమ్మినా నోట్లో గాలి లాగుతుంది. కుట్టు కదులుతుంది. గింజలు ఇంకా వదులుగా ఉన్నాయి, చంటిపిల్ల అప్పుడే కళ్ళు మూసినట్టు. మా పాప పడుకుంటే నేను తలుపు గొళ్ళెం కూడా పెట్టను. మీరూ ఈ ఎముకని అలాగే చూడాలి." ఆవిడ కాస్త ఆగింది. "అంటే, ఆరు వారాలు మాతే లేదు."

అప్పటిదాకా నవ్వుతున్న దార్దో మొహం వాడిపోయింది.

తక్వారెంబోలో మాతే అనే ఆ చేదు ఆకు కషాయం మానమనడం, నడవడం మానమనడం లాంటిది. చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో ఆకుపొడి నింపిన సొరబుర్ర, దాన్లో లోహపు గొట్టం. దార్దో అలాగే పెళ్ళిళ్ళకి వెళ్ళాడు, అలాగే ఓటేశాడు, కొడుకు పుట్టినప్పుడు ఆస్పత్రి వరండాలోనూ అలాగే నిలబడ్డాడు. రోజుకి రెండు లీటర్లు ఆ గొట్టంలోంచి పీల్చే మనిషి.

కానీ వచ్చే అక్టోబరు వేలం కళ్ళ ముందుంది. మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. గుమ్మడికాయ ముద్ద, చల్లారిన సూప్ తిన్నాడు. ఆదివారం పక్కింటివాళ్ళు నిప్పుల మీద పక్కటెముకలు కాలుస్తుంటే కిటికీ మూసుకున్నాడు. నీబియా మొదటి వారం నమ్మలేదు. అతను పనికి బయల్దేరేటప్పుడు చంక తడిమి చూసేది, ఫ్లాస్కు దాచాడేమోనని. తర్వాత ఆవిడకే జాలేసి, తను మాతే పెరట్లోకి తీసుకెళ్ళి తాగడం మొదలుపెట్టింది.

తొమ్మిదో రోజు పొద్దున, గేటు దగ్గర నిలబడి ఉండగా, దార్దో నాలిక మీద ఇసకలాంటిది తగిలింది. వేలితో తీసి చూశాడు. తెల్లటి గింజలు, ఆవగింజలో సగమంత. నాలుగు.

ఆ గింజలు జేబురుమాలులో మూటగట్టుకుని, నీబియాకి కూడా చెప్పకుండా, సరాసరి డాక్టరమ్మ దగ్గరికి పోయాడు.

ఆవిడ అద్దం పెట్టి చూసింది. "కుట్టు ఒకటి విడింది. కుడివైపు నుంచి మధ్య దాకా కొన్ని గింజలు పోయాయి. మాతే తాగారా?"

"మా అమ్మ మీద ఒట్టు. ఒక్కటి తాగలేదు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. అబద్ధమాడే మొహం కాదు. జ్వరం లేదు, చీము లేదు, దెబ్బ తగల్లేదు. "సరే. పొద్దున లేచిన దగ్గర్నుంచి నోటితో ఏమేం చేస్తారో వరసగా చెప్పండి. ఏదీ వదలొద్దు."

"లేస్తాను. మందు వేసుకుంటాను. ముసలిదాన్ని తిడతాను. మెత్తటి బ్రష్షుతో కింది పళ్ళు తోముకుంటాను. ఆరున్నరకి సంతకెళతాను."

"అక్కడ?"

"అక్కడేముంది? అయిదుగురం కూర్చుంటాం. మాతే కలుపుతాను, వాళ్ళు తాగుతారు. నేను కుక్కలాగా చూస్తుంటాను."

"మీరెందుకు కలుపుతారు?"

"ఇంకెవరు కలుపుతారు? తోరీబియోనా? వాడు కలిపితే రెండో గుక్కకే ఆకంతా మునిగి చెరువైపోతుంది."

డాక్టరమ్మ లేచి, బల్ల కింద నుంచి తన సొరబుర్ర, ఆకుపొడి, ఫ్లాస్కు తీసి అతని ముందు పెట్టింది. "నాకొకటి కలిపివ్వండి. రోజూ ఎలా కలుపుతారో అలాగే."

తనకి చేతనైన పని ఒకటి గౌరవంగా అడిగినందుకు దార్దో మనసు తేలికపడింది. అతని చేతులు వాటంతటవే కదిలాయి. బుర్రలో ఆకు ముప్పావు నింపాడు. అరచేత్తో మూసి, తలకిందులు చేసి కుదిపి, దుమ్ము చేతికి రానిచ్చి ఊదేయకుండా దులిపాడు. పక్కకి వంచి, గుంటలో గోరువెచ్చటి నీళ్ళు పోసి ఆకు ఉబ్బేదాకా ఆగాడు. గొట్టం దించాడు. మూతి ఆనించి సర్రున ఒక గుక్క లాగాడు. పక్కన తొట్టిలో తుపుక్కున ఉమ్మాడు. గొట్టం తుడిచి, మళ్ళీ నీళ్ళు పోసి, కుడిచేత్తో అందించాడు.

"తీసుకోండి డాక్టరమ్మా."

ఆవిడ తీసుకోలేదు. "ఇప్పుడేం చేశారు?"

"మాతే కలిపాను."

"నాకివ్వకముందు?"

"గొట్టం పెట్టాను."

"పెట్టాక?"

దార్దో తొట్టి వైపు చూశాడు. తెల్లటి పింగాణీ మీద పచ్చటి మరక మెల్లగా జారుతోంది.

"అది మాతే కాదు డాక్టరమ్మా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "అది తింగరోడి గుక్క. మొదటిది చేదు, చల్లన, అంతా దుమ్ము. కలిపినవాడే లాగి ఉమ్మేయాలి. ఇంకొకళ్ళకిస్తే అవమానం. దాన్ని తాగడమని ఎవరూ లెక్కెయ్యరు."

"మీ దవడ లెక్కేసింది. రోజుకెన్నిసార్లు ఆకు మారుస్తారు?"

"మూడు."

"అంటే ఇప్పటికి పీల్చడం పాతికసార్లు, ఉమ్మడం పాతికసార్లు." ఆవిడకి కోపం రావలసింది. నవ్వొచ్చింది. "తప్పు నాది కూడా. నేనూ ఈ దేశంలోనే పుట్టాను. తాగొద్దని చెప్పాను గానీ, కలపొద్దని చెప్పాలని నాకూ తట్టలేదు." మంచిగా కుదిరిన మాతే పారబోయడం ఇష్టంలేక తీసుకుని తాగింది. "బావుంది," అని ఒప్పుకుంది కూడా.

"పోయిందా మొత్తం?"

"తెలీదు. ఇప్పుడు కెలికితే ఉన్నది కూడా పోతుంది. శుభ్రం చేసి, మళ్ళీ కుట్టు వేస్తాను. మేలో స్కాను తీసి కొలుస్తాం. చాలినంత ఎముక ఉంటే మేకులు. లేకపోతే మళ్ళీ మొదటి నుంచి."

"మళ్ళీ అంటే అక్టోబరు దాటిపోతుంది."

"దాటిపోతుంది," అంది ఆవిడ.

మర్నాడు పొద్దున దార్దో సంతలో మిగతా నలుగురి మధ్య కూర్చుని, బుర్ర ఒళ్ళో పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"ఒరేయ్, అయితే ఇవాళ నుంచి నేను కలుపుతాలే," అన్నాడు పశువులు తోలే తోరీబియో, సంబరంగా.

"వద్దు!" అన్నారు మిగతా ముగ్గురూ ఒక్క గొంతుతో.

"పోనీ నేను కలుపుతాను, మొదటి గుక్క నువ్వు లాగు," అన్నాడు దార్దో.

తోరీబియో మొహం ఎర్రబడింది. "నేను తింగరోడిలా కనపడుతున్నానా? మా నాన్నకి ఒకసారి ఎవరో ఆ గుక్క ఇస్తే, వాడితో మూడేళ్ళు మాట్లాడలేదు."

ఎవరూ ముందుకి రాలేదు. ఫ్లాస్కులో నీళ్ళు చల్లారుతున్నాయి. అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది.

"ఇటివ్వండి."

ఆ చెయ్యి లుసియానాది. దోన్ విల్మార్ మేనకోడలు. ముప్పై ఏళ్ళ పిల్ల. వేలాల నుంచీ పద్దుల దాకా అన్నీ తెలిసినది. ఇప్పుడు దార్దో మంచె మీద నిలబడుతున్నది ఆ పిల్లే.

దార్దో బుర్ర ఇవ్వలేదు. "అమ్మాయ్, సంగతి తెలిసే అడుగుతున్నావా? ఈ దవడ నిలబడితే నువ్వు మంచె దిగాలి."

"తెలుసు. మీ దవడ పాడైతే మంచె నాదని కూడా తెలుసు. మీరు ఊరికే ఉమ్ముతూ పాడుచేసుకుంటే నాకేం బావుంటుంది? రేపు ప్రతివాడూ అంటాడు, దార్దో పళ్ళు ఊడి ఈవిడకి మంచె వచ్చిందని." కాస్త ఆగి, గొంతు తగ్గించి అంది, "పైగా పదో పశువుకల్లా నా గొంతు పోతోంది. మామయ్యకి వినపడదు, మీకు వినపడుతుంది. గేటు దగ్గర్నుంచి మీరు మొహం చిట్లించడం నేను చూశాను."

"పీకతో అరుస్తున్నావు. పొట్టతో అరవాలి."

"అయితే నేర్పండి. ఇటివ్వండి అది."

ఆమె గుక్క లాగింది, మొహం వికారంగా పెట్టింది, గోడవారకి ఉమ్మింది. తోరీబియో చప్పట్లు కొట్టాడు. ఆ రోజు నుంచి సంతలో పొద్దుటి మాతే అలాగే నడిచింది. దార్దో కలుపుతాడు, లుసియానా చేదు లాగుతుంది. అందరూ తాగాక ఆమె కంచె పట్టుకుని నిలబడి, దొడ్డిలో ఆవులకి కంచె గుంజల్ని వేలం వేస్తుంది. ఆమె పొట్టకి ఆనీ ఆనకుండా దార్దో టోపీ పట్టుకుని, "ఊపిరికి నా టోపీ కదలాలి. కదల్లేదు. మళ్ళీ," అంటాడు. పళ్ళులేని నోటితో అతను చెప్పే పాఠం ఆమెకి సగమే అర్థమయ్యేది. మిగతా సగం ఆవుల మొహాలు చూసి తెలుసుకునేది.

ఆరు వారాలు గడిచాయి. మాతే తిరిగొచ్చింది. దార్దో మొదటి బుర్ర తాగి, ఏడ్చినంత పని చేశాడు. అయినా మొదటి గుక్క లుసియానాకే ఇచ్చేవాడు. ఇంకా నాలిక తరచూ పై చిగురు దాకా వెళ్ళి, తట్టకుండానే వెనక్కి వచ్చేది. లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. నీబియా అడిగేది, "ఏమంటోంది మీ ఆవు?" అని. "పడుకుంది. గట్టిగా మాట్లాడకు," అనేవాడు.

మే నెలలో, అక్కడి కాలాల లెక్కన, చలి మొదలైంది. స్కాను బొమ్మ తెర మీద వచ్చేసరికి దార్దో కళ్ళు మూసుకున్నాడు. నీబియా అతని చెయ్యి పట్టుకుంది, ఆవిడ చెయ్యే ఎక్కువ చెమటపట్టి ఉంది. డాక్టరమ్మ గీతలు గీసి కొలిచింది, చెరిపింది, మళ్ళీ కొలిచింది.

"ఎడమ చివర ఎముక మందం ఏడు మిల్లీమీటర్లు. చాలా బావుంది. కుడి చివర ఆరున్నర. అదీ చాలు. మధ్యలో... మధ్యలో నాలుగే. అక్కడి గింజలే మీరు సంత గోడకి ఉమ్మింది."

దార్దో కళ్ళు తెరిచాడు. "నాలుగు చాలదా?"

"మేకుకి చాలదు."

దార్దో తెర వైపు వంగి, వేలితో ఆ చివర్నీ ఈ చివర్నీ చూపించాడు. "డాక్టరమ్మా, మీరు నాలుగు పళ్ళకి నాలుగు మేకులు దింపుతారా?"

"లేదు. రెండే. ఆ చివరొకటి, ఈ చివరొకటి. నాలుగు పళ్ళూ ఒకే ముక్కగా చేసి, వాటి మీద బిగిస్తాను."

"మరి మధ్యలో ఉండేది రెండు గుంజలకి కట్టిన కంచె తీగే కదా! తీగకి నేలెందుకు?"

డాక్టరమ్మ నవ్వేసింది. "నేనూ అదే చెప్పబోతున్నాను. చిగురు అక్కడ కాస్త లోపలికి కనిపిస్తుంది, అంతే. మేకులు ఈ వారమే వేద్దాం."

నీబియా చెయ్యి వదిలి అతని వీపు మీద ఒక్కటి చరిచింది. "చూశారా డాక్టరమ్మా, ఉమ్మినా సరైన చోటే ఉమ్మాడు మా ముసలోడు!"

సెప్టెంబరులో పళ్ళు బిగించారు. మొదట్లో నోట్లో గడప కట్టినట్టుంది. దార్దో రోజూ ట్రక్కులో కూర్చుని, అద్దాలు ఎత్తి, అరవైలూ డెబ్బైలూ వల్లించాడు. దార్లో ఎదురైనవాళ్ళు అతనికి మతి చలించిందనుకున్నారు.

అక్టోబరులో ఆంబోతుల వేలం. మొత్తం నలభై నాలుగు. దోన్ విల్మార్ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. దార్దో మంచెక్కాడు, పక్కన లుసియానా పద్దు పట్టుకుని నిలబడింది. మొదటి ఆంబోతు లోపలికి వచ్చింది. ముందు వరసల్లో కొందరు తమాషాకి కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

"ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!"

సుత్తి పడింది. పళ్ళు కదల్లేదు. అరవై అరవైలా, డెబ్బై డెబ్బైలా చివరి వరస దాకా వినిపించింది. ఇరవై ఆంబోతులు అలా అమ్ముడుపోయాయి. ఎవరూ ధర రెండోసారి అడగలేదు. ఇరవై ఒకటోదాని దగ్గర దార్దో గొంతు బొంగురుపోయింది. ఇరవై మూడో దానికి కీచుమంది. పళ్ళు కొత్తవి గానీ, గొంతు అరవై ఏళ్ళది, ఏడాదిగా పని లేనిది.

అతను ఒకసారి దోన్ విల్మార్ వైపు, ఒకసారి పక్కకి చూశాడు. సుత్తి లుసియానా చేతిలో పెట్టాడు.

"పొట్టతో," అన్నాడు.

ఆమె గొంతు నలభై నాలుగో ఆంబోతు దాకా నిలబడింది.

జనం చెదిరిపోయాక దోన్ విల్మార్ గొణుక్కుంటూ మంచె దగ్గరికి వచ్చాడు. "ఒక్కరు చాలనుకున్న మంచెకి ఇద్దరు దాపురించారు. సరే. ఇకనుంచి ముందు సగం దార్దో, వెనక సగం లుసియానా. ఏమంటారు?"

"మంచి ఆంబోతులన్నీ ముందు సగంలోనే వస్తాయి. నాకు సమ్మతమే," అన్నాడు దార్దో, ఉన్న కాస్త గొంతుతో.

"వెనక సగానికి కొనేవాళ్ళందరూ రెండు గ్లాసులు వేసి ఉంటారు. ధరలు అప్పుడే పెరుగుతాయి. నాకూ సమ్మతమే," అంది లుసియానా.

దార్దో ఏదో జవాబు చెప్పబోయాడు గానీ గొంతు రాలేదు. పళ్ళన్నీ కనపడేలా నవ్వి ఊరుకున్నాడు.